పసిబిడ్డకు ఇంటివద్ద సేవ: నాణ్యతను కుటుంబమే సరిచూసుకోవడం ఎలా?

కాన్పు ఆసుపత్రిలో సుఖంగా జరిగి, తల్లీబిడ్డలు ఇల్లు చేరిన నాటితో గండం గడిచినట్లేనని అనేక కుటుంబాలు భావిస్తాయి. వాస్తవం అందుకు భిన్నంగా ఉన్నది. భారత రిజిస్ట్రారు జనరల్ కార్యాలయం నిర్వహించే నమూనా నమోదు సర్వే ప్రకారం 2020లో దేశంలో సజీవంగా పుట్టిన ప్రతి 1000 మంది శిశువులలో 28 మంది ఏడాది నిండకముందే మరణించారు. వారిలో 20 మంది మరణించినది మొదటి 28 రోజులలోపే. అనగా ఏడాదిలోపు శిశుమరణాలు పది అనుకుంటే, వాటిలో ఏడు మొదటి నెలలోనే సంభవిస్తున్నాయి. ఆ నెలలో ఎక్కువ రోజులు బిడ్డ ఉండేది ఆసుపత్రిలో కాదు, ఇంటిలో.

ఆ రోజులలో బిడ్డను కనిపెట్టి ఉండడానికి ప్రభుత్వం ఏర్పాటు చేసినదే గృహాధారిత నవజాత శిశు సంరక్షణ. గ్రామంలోని ఆశా కార్యకర్త బాలింత ఇంటికి నిర్ణీత దినాలలో వచ్చి తల్లిని, బిడ్డను పరీక్షించడం ఇందులోని పని. బీదర్ జిల్లా గ్రామాలలోనూ, సరిహద్దుకు ఆవల సంగారెడ్డి జిల్లా గ్రామాలలోనూ ఈ సేవ ఉన్నది. అయితే ఆశా ఎన్నిసార్లు వచ్చారన్నది కాగితం మీద తెలుస్తుంది. వచ్చి ఏమి చేశారన్నది మాత్రం ఆ ఇంటివారికే తెలుస్తుంది. అందుచేత ఈ సేవ నాణ్యతకు మొదటి తనిఖీదారు బాలింత కుటుంబమే.

సేవ పుట్టిన చోటు

ఈ పద్ధతికి మూలం తెలుగు సీమకు ఆనుకొని ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉన్నది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు స్థాపించిన ‘సెర్చ్’ సంస్థ 1990 దశకంలో అక్కడి 39 గ్రామాలలో ఒక ప్రయోగం చేసింది. అప్పట్లో ఆ గ్రామాలలో కాన్పులు చాలావరకు ఇళ్ళలోనే జరిగేవి. జబ్బుపడిన పసిగుడ్డును ఆసుపత్రికి చేర్చే దారి లేదు. అందుచేత కొద్దిపాటి చదువు వచ్చిన గ్రామీణ స్త్రీలకే శిక్షణ ఇచ్చి ఇల్లిల్లూ పంపారు. బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, పాలు పట్టే తీరు చూపడం, శ్వాస లెక్కించడం, రక్తంలో విషక్రిమి చేరిన లక్షణాలను గుర్తించి మందు ఇవ్వడం వారు నేర్చుకున్నారు. ప్రయోగం మూడవ సంవత్సరానికి, సేవ లేని గ్రామాలతో పోల్చినప్పుడు నవజాత శిశుమరణాలు 62 శాతం తగ్గినట్లు 1999లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ప్రకటించారు.

ఆ ఫలితంలో పర్యవేక్షణకు కూడా వాటా ఉన్నది. ఒక వైద్యుడు రెండు వారాలకొకసారి గ్రామానికి వచ్చి ఆ స్త్రీలు వ్రాసిన నమోదులను సరిచూసి, తప్పులు దిద్ది, మరల నేర్పేవాడు. గ్రామాలలో మరణాలు తగ్గినది కేవలం ఇంటికి మనిషి వెళ్ళినందువలన కాదు. వెళ్ళిన మనిషి సరియైన పనిని, సరియైన క్రమంలో, ఒకరు సరిచూస్తున్నారన్న ఎరుకతో చేసినందువలన.

ఆరు రాకలు, వాటి దినాలు

2011లో కేంద్ర ఆరోగ్యశాఖ ఈ పద్ధతిని దేశమంతటికీ మార్గదర్శకాలుగా విడుదల చేసింది. ఆసుపత్రిలో కాన్పు జరిగితే ఆశా కార్యకర్త బిడ్డ పుట్టిన 3, 7, 14, 21, 28, 42వ దినాలలో, మొత్తం ఆరుసార్లు రావాలి. ఇంటిలో కాన్పు జరిగితే మొదటి దినం కూడా కలిపి ఏడుసార్లు రావాలి. శస్త్రచికిత్స ద్వారా కాన్పు అయి తల్లి ఆలస్యంగా ఇల్లు చేరితే, చేరిన తరువాతి దినాల రాకలు జరగాలి. నెలలు నిండక పుట్టిన బిడ్డకు, తక్కువ బరువు బిడ్డకు, ప్రత్యేక చికిత్సా విభాగం నుంచి ఇంటికి వచ్చిన బిడ్డకు ఇంకా ఎక్కువసార్లు రావాలి.

ఈ దినాలను ఇంటి పెద్దలు గుర్తుంచుకోవడం కష్టం కాదు. మూడవ దినం బిడ్డ ఇల్లు చేరిన కొత్త. 21వ దినం చాలా ఇళ్ళలో తొట్టెల వేడుక జరుగుతుంది. 42వ దినానికి ఆరు వారాలు నిండుతాయి. అది పెంటావాలెంట్ మొదటి మోతాదు టీకాకు సమయం. గోడమీది క్యాలెండరులో బిడ్డ పుట్టిన నాడే ఈ ఆరు తేదీలకు గుర్తు పెట్టుకుంటే, ఏ రాక తప్పిపోయినదో కుటుంబానికి వెంటనే తెలుస్తుంది.

గమనించవలసిన ఏడు విషయాలు

నాణ్యతను కొలవడానికి కుటుంబానికి వైద్యవిద్య అవసరం లేదు. ఆశా కార్యకర్త ఇంటిలో ఉన్నంతసేపు ఈ ఏడింటిని చూస్తే చాలు.

మొదటిది చేతులు. బిడ్డను తాకకముందే సబ్బుతో చేతులు కడుక్కున్నారా? పసిబిడ్డకు సోకే క్రిమి చాలావరకు పెద్దల చేతుల మీదుగానే వస్తుంది. నీళ్ళు, సబ్బు, శుభ్రమైన గుడ్డ ముందే సిద్ధంగా ఉంచడం ఇంటివారి బాధ్యత.

రెండవది బరువు. జోలె తగిలించిన తూకపు ముల్లును ముందుగా సున్నాకు తెచ్చి, ఆ తరువాత బిడ్డ బట్టలు తీసి తూచారా? దుప్పటితో సహా తూచిన బరువు అసలు బరువు కాదు. పుట్టినప్పుడు రెండున్నర కిలోలకు తక్కువ ఉన్న బిడ్డను తక్కువ బరువు బిడ్డగా లెక్కిస్తారు. పుట్టిన మొదటి దినాలలో బిడ్డ కొద్దిగా, గరిష్ఠంగా పదవ వంతు వరకు, బరువు తగ్గడం సహజం. రెండు వారాలకు మరల పుట్టినప్పటి బరువుకు చేరుకోవాలి. తరువాత రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి.

మూడవది ఒంటి వేడి. నుదుటిమీద చేయి పెట్టి చెప్పడం కొలత కాదు. థర్మామీటరును చంకలో ఉంచి చూడాలి. 37.5 సెల్సియస్ డిగ్రీలు, అనగా 99.5 ఫారన్‌హీట్, లేక అంతకు మించితే జ్వరం. 35.5 డిగ్రీలకు, అనగా 95.9 ఫారన్‌హీట్‌కు, తగ్గితే ప్రమాదకరమైన చల్లదనం. పసిగుడ్డు ఒళ్ళు చల్లబడడం జ్వరమంత ప్రమాదకరమని చాలామందికి తెలియదు.

నాలుగవది శ్వాస. బిడ్డ ఏడవకుండా, నిశ్చింతగా ఉన్నప్పుడు పొట్ట, ఛాతీ కదలికను గడియారం చూస్తూ పూర్తి ఒక నిమిషం లెక్కించాలి. నిమిషానికి 60 లేక అంతకుమించిన శ్వాస, లేదా ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోనికి గుంజుకోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తరలించాలి. ఈ లెక్క అర నిమిషంలో ముగిసిపోతే అది సరియైన పరీక్ష కాదు.

ఐదవది పాలు. ‘పాలు తాగుతున్నాడా?’ అని అడిగి ‘తాగుతున్నాడు’ అన్న జవాబు వ్రాసుకోవడంతో సరిపోదు. తల్లి పాలు ఇస్తుండగా పక్కన కూర్చొని చూడాలి. బిడ్డ నోరు చనుమొనను మాత్రమే కాక చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని కూడా పట్టుకున్నదా, గుటక వేస్తున్నదా అన్నది గమనించాలి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు ఇవ్వాలని, మొదటి వారం తరువాత బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తే పాలు చాలుతున్నట్లని తల్లికి చెప్పాలి.

ఆరవది బొడ్డు, కళ్ళు, చర్మం. వెలుతురులో బిడ్డను పూర్తిగా విప్పి చూడాలి. బొడ్డు చుట్టూ ఎరుపు, చీము, కంటిలో పుసి, చర్మంమీద పొక్కులు, పసుపుపచ్చదనం ఉన్నవేమో పరీక్షించాలి. బొడ్డుకు పసుపు, నూనె, బూడిద పూయరాదని, కళ్ళకు కాటుక పెట్టరాదని, తేనె, ఆముదం, చక్కెర నీళ్ళు, గ్రైప్ వాటర్ పోయరాదని చెప్పడం కూడా ఆమె విధి. ఈ మాటలు అమ్మమ్మకో నానమ్మకో నచ్చకపోవచ్చు. ఇంటిపెద్దల మొగమాటానికి తలవంచి ఈ మాట చెప్పకుండా వెళ్ళిపోయే కార్యకర్త కంటె, వినయంగా చెప్పి వెళ్ళే కార్యకర్త మేలైనవారు.

ఏడవది తల్లి. రక్తస్రావం అధికంగా ఉన్నదా, దుర్వాసన ఉన్నదా, జ్వరం, తీవ్రమైన తలనొప్పి, రొమ్ములో గడ్డ, కుట్ల దగ్గర చీము ఉన్నవా అని అడగాలి. బాలింతకు పత్యం పేరుతో కడుపు మాడ్చడం, నీళ్ళు తగ్గించడం జరుగుతున్నదేమో విచారించాలి. బిడ్డను మాత్రమే చూచి తల్లిని చూడని రాక సగం రాక మాత్రమే.

ఈ ఏడూ శ్రద్ధగా చేస్తే అరగంటకు తక్కువ కాదు. గుమ్మం దగ్గరే నిలబడి ‘బాగున్నారా?’ అని అడిగి కార్డులో వ్రాసి వెళ్ళితే, లెక్కకు అది ఒక రాక. బిడ్డకు మాత్రం అది లేనట్లే.

కార్డు చెప్పే నిజం

ఆశా కార్యకర్త చేసిన పరీక్షలు మాతా శిశు సంరక్షణ కార్డులో నమోదు కావాలి. కర్ణాటకలో దీనిని తాయి కార్డు అంటారు. కన్నడంలో అచ్చయిన కార్డు చేతికి రాగానే అది తమకు అర్థం కాదని పక్కన పెట్టరాదు. కన్నడ లిపి, తెలుగు లిపి అక్కచెల్లెళ్ళ వంటివి. కొంచెం నిదానించి చూస్తే తెలుగు చదివినవారు చాలా అక్షరాలు పోల్చుకోగలరు. బరువు, తేదీ అంకెలలో ఉంటాయి కనుక వాటికి భాషతో పని లేదు.

కార్డులో చూడవలసినవి ముఖ్యంగా మూడు. ఒకటి, ప్రతి రాకలోనూ బరువు ఒకే అంకెగా ఉన్నదా? ఏ బిడ్డ బరువూ మూడు వారాలపాటు గ్రాము మారకుండా నిలిచి ఉండదు. నిలిచి ఉంటే తూచకుండా వ్రాసినట్లు, లేదా బిడ్డ ఎదగనట్లు. రెండూ ఉపేక్షింపదగినవి కావు. రెండు, రాకల తేదీలు కుటుంబం గుర్తుపెట్టుకున్న తేదీలతో సరిపోతున్నవా? తల్లి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్న దినాన ఇంటిలో పరీక్షించినట్లు వ్రాస్తే అది తప్పు నమోదు. మూడు, పుట్టిననాటి బరువు, పుట్టినప్పుడు వేసిన బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకాల వివరాలు ఉన్నవా? కుటుంబ సభ్యులు ‘అమ్మా, ఈసారి బరువు ఎంత ఉన్నది? పోయినసారికంటె ఎంత పెరిగింది?’ అని ప్రతిసారీ అడగడం అలవాటు చేసుకుంటే చాలు. ఆ రెండు ప్రశ్నల ఎదుట తూకం తీయకుండా వెళ్ళడం ఎవరికైనా కష్టం.

రెండు రాష్ట్రాల మధ్య జారిపోయే బిడ్డ

సరిహద్దు గ్రామాలకు మరొక చిక్కు ఉన్నది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం విడిపోయినప్పుడు నాటి బీదర్ జిల్లా మూడు రాష్ట్రాలకు పంపకమయింది. జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లోను, ఉద్గీర్, అహ్మద్‌పూర్, నిలంగా తాలూకాలు నాటి బొంబాయి రాష్ట్రంలోను, బీదర్‌తో కూడిన మిగిలిన భాగం మైసూరు రాష్ట్రంలోను చేరాయి. జహీరాబాదు, నారాయణఖేడ్ నేడు తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. పటం మీద గీత పడినా, పిల్లనిచ్చి పుచ్చుకునే సంబంధాలు తెగలేదు. ఆడపిల్లను ఆ వైపు ఇవ్వడం, కోడలిని ఈ వైపు తెచ్చుకోవడం నేటికీ ఉన్నది. మొదటి కాన్పు తల్లిగారింట జరగడం ఆచారం.

ఇక్కడే ఇంటివద్ద సేవకు గండి పడుతుంది. నారాయణఖేడ్ వైపు అత్తగారిల్లు ఉన్న గర్భిణి పేరు అక్కడి ఆశా పుస్తకంలో ఉంటుంది. ఏడవ నెలలో ఆమె బీదర్ తాలూకాలోని తల్లిగారింటికి వస్తుంది. కాన్పు బీదర్ పట్టణంలోని ఆసుపత్రిలో జరుగుతుంది. అత్తగారి ఊరి ఆశా ‘ఆమె ఇక్కడ లేదు’ అనుకుంటారు. తల్లిగారి ఊరి ఆశా ‘ఆమె మా ఊరి మనిషి కాదు’ అనుకుంటారు. ఇద్దరి పుస్తకాల మధ్య బిడ్డ జారిపోతుంది. ఆరు రాకలలో ఒక్కటీ జరగని పరిస్థితి ఇలా ఏర్పడుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండకపోవచ్చు. నష్టం మాత్రం బిడ్డదే.

దీనికి కుటుంబం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. గర్భిణి తల్లిగారింటికి వచ్చిన వారంలోనే ఆ ఊరి ఆశా కార్యకర్తను కలసి, వెంట తెచ్చుకున్న కార్డును, అందులోని ఆర్.సి.హెచ్. సంఖ్యను చూపాలి. ఆ కార్డును అత్తగారింటిలో వదిలి రాకూడదు. కాన్పు అయిన నాడే రెండు ఊళ్ళ ఆశాలకూ ఫోను చేసి బిడ్డ పుట్టిన తేదీ, బరువు చెప్పాలి. తల్లి మధ్యలో అత్తగారింటికి మరలివెళ్ళితే, మిగిలిన రాకలు అక్కడి ఆశా పూర్తి చేయాలి. ఒక బాలింతను ఇద్దరు ఆశాలు చూసిన సందర్భంలో వారి ప్రోత్సాహకాన్ని ఎలా ఇవ్వాలన్న దానికి కూడా మార్గదర్శకాలలో ఏర్పాటు ఉన్నది. కనుక ‘ఆమె మా ఊరి మనిషి కాదు’ అన్న మాట సేవ నిరాకరించడానికి కారణం కాజాలదు. బిడ్డ ఏ ఊరిలో నిద్రిస్తున్నదో ఆ ఊరి ఆశా చూడాలి.

జనన నమోదు విషయంలో మాత్రం నియమం వేరు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ ఎక్కడ పుట్టినదో అక్కడే జననం నమోదు కావాలి. బీదర్ ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ జననాన్ని అత్తగారి ఊరి పంచాయతీలో నమోదు చేయించబోవడం వృథా ప్రయాస. 21 దినాలలోపు నమోదుకు రుసుము ఉండదు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడిలో చేర్పించడం మొదలు అనేక అవసరాలకు జనన ధ్రువపత్రమే ఆధారం కనుక, 21వ దినపు రాకలో ఈ విషయం ఆశా గుర్తుచేశారా లేదా అన్నది కూడా గమనించదగినది.

ఆపద లక్షణాలు కనిపించినప్పుడు

మంచి సేవకు చివరి పరీక్ష, ఆపదను సకాలంలో గుర్తించి పంపడం. బిడ్డ పాలు మానివేయడం, ఒళ్ళు వ్రేలాడవేయడం, లేపినా లేవకపోవడం, ఫిట్స్ రావడం, శ్వాస వేగం, జ్వరం లేదా ఒళ్ళు చల్లబడడం, పొట్ట ఉబ్బడం, పుట్టిన మొదటి దినమే పచ్చబడడం, తరువాత అరచేతులు, అరికాళ్ళ వరకు పచ్చదనం పాకడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తరువాతి రాక కోసం ఎదురుచూడరాదు. మంత్రం, తాయెత్తు, నాటుమందులతో గంటలు గడపరాదు. దారిలో బిడ్డను తల్లి రొమ్ముకు ఒంటిని ఒంటికి ఆనించి, పైన దుప్పటి కప్పి వెచ్చగా తీసుకువెళ్ళాలి.

108 అంబులెన్సు సేవ ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న, కర్ణాటకలో 2008 నవంబరు 1న మొదలయింది. నేడు సరిహద్దుకు ఇరువైపులా ఆ సంఖ్య ఒకటే. అయితే సరిహద్దులో ఫోను పొరుగు రాష్ట్రపు టవరుకు అందే అవకాశం ఉన్నందున, మొదటి మాటలోనే ఊరు, తాలూకా లేక మండలం, జిల్లా, రాష్ట్రం పేర్లు స్పష్టంగా చెప్పాలి. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో జబ్బుపడిన శిశువుకు చికిత్స, మందులు, రవాణా ఉచితం. తొలుత 30 దినాల వరకు ఉన్న ఈ హక్కును తరువాత ఏడాది వయస్సు వరకు పొడిగించారు.

లోపం కనిపిస్తే

లోపమంతా ఆశా కార్యకర్తదే అనుకోవడం న్యాయం కాదు. 42 దినాలపాటు అన్ని రాకలూ పూర్తి చేసినందుకు మార్గదర్శకాలు నిర్ణయించిన ప్రోత్సాహకం 250 రూపాయలు. ఆరు రాకలకు పంచితే ఒక్కో రాకకు 42 రూపాయలకు మించదు. సుమారు వెయ్యి జనాభాకు ఒక ఆశా ఉంటారు. గర్భిణుల నమోదు, టీకాలు, సర్వేలు అన్నీ ఆమె మీదనే ఉంటాయి. సంచిలోని తూకం చెడిపోయి, థర్మామీటరు బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. కనుక ముందుగా ఆమెనే మర్యాదగా అడగాలి. పరికరం లేదని తెలిస్తే గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సమితిలో ఆ మాట లేవనెత్తాలి. పరికరం తెప్పించడం ఆమెకూ మేలే.

అడిగినా ఫలితం లేకపోతే ఉపకేంద్రంలోని ఆరోగ్య సహాయకురాలికి, ఆపైన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి, కర్ణాటకలో తాలూకా ఆరోగ్యాధికారికి, జిల్లా ఆరోగ్యాధికారికి, తెలంగాణలో జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి వ్రాతపూర్వకంగా తెలియజేయవచ్చు. కర్ణాటకలో 104 ఆరోగ్యవాణికి ఫోను చేయవచ్చు. ఫిర్యాదులో ‘ఆశా సరిగా రావడం లేదు’ అని వ్రాస్తే ప్రయోజనం తక్కువ. ‘14వ దినం రాలేదు, 21వ దినం వచ్చినా తూచలేదు, కార్డులో మాత్రం బరువు వ్రాసి ఉన్నది’ అని తేదీలతో వ్రాసి, కార్డు నకలు జతచేస్తే అధికారి విచారించక తప్పదు. పర్యవేక్షకులు తనిఖీకి ఇంటికి వచ్చినప్పుడు మొగమాటంతో ‘అంతా బాగున్నది’ అనకుండా, జరిగినది జరిగినట్లు చెప్పాలి. బాగా చేసిన కార్యకర్త పేరును కూడా అదే విధంగా చెప్పాలి.

సేవ 42వ దినంతో పూర్తిగా ముగియదు. 2018లో మొదలైన గృహాధారిత చిన్నపిల్లల సంరక్షణ కింద 3, 6, 9, 12, 15 నెలలలో మరి ఐదు రాకలు ఉన్నాయి. మొదటి ఆరు రాకలలో కుటుంబం చూపిన శ్రద్ధ ఆ తరువాతి రాకలకూ ఒరవడి అవుతుంది. ఒక ఇంటిలో బరువు గురించి అడిగితే, ఆ పక్క ఇంటిలో తూకం దానంతట అదే సంచిలోనుంచి బయటకు వస్తుంది.